మావోరీల భూమి

పసిఫిక్ మహాసముద్రమున, ఆస్ట్రేలియాకు ఆగ్నేయదిశయందు న్యూజీలాండు అను దేశము కలదు. ఉత్తరద్వీపము, దక్షిణద్వీపము అను రెండు పెద్ద ద్వీపములును, పెక్కు చిన్న ద్వీపములును కలిసి ఈ దేశమైనది. దీని విస్తీర్ణము సుమారు 6 కోట్ల 60 లక్షల ఎకరములు. ఐరోపావారు ఇచట కాలుమోపుటకు కొన్ని వందల యేండ్లకు పూర్వమే, పదుమూడవ శతాబ్దమున, తూర్పు పాలినీషియా ద్వీపములనుండి పెద్ద పడవలలో సముద్రము దాటి వచ్చిన మావోరీలు ఈ దేశమున స్థిరపడిరి. వారు దీనిని 'ఆవొటెఅరోవా' అని పిలుతురు. 'పొడవైన తెల్లని మేఘము' అని ఆ మాటకు అర్థము చెప్పుదురు.

1840వ సంవత్సరమున ఈ నేల దాదాపు అంతయు మావోరీలదే. 1911 నాటికి వారికి మిగిలినది సుమారు 70 లక్షల ఎకరములు మాత్రమే. డెబ్బది యేండ్లలో ఒక జాతి చేతినుండి ఇంత నేల ఎట్లు జారిపోయెను? యుద్ధమువలన అని పెక్కుమంది తలంతురు. యుద్ధములు జరిగిన మాట నిజమే. కాని తుపాకులు కొనిపోయిన నేలకంటె కాగితములు కొనిపోయిన నేలయే ఎక్కువ. ఒడంబడికలు, క్రయపత్రములు, చట్టములు, కోర్టు పట్టాలు అను వీనిద్వారా ఆ భూమి చేతులు మారిన తీరు తెలిసికొనదగినది.

మొదట మావోరీలకును భూమికిని గల సంబంధమును గ్రహింపవలెను. మావోరిభాషలో భూమిని 'ఫెనువా' అందురు. తల్లిగర్భమున శిశువును పోషించు మావికిని అదియే పేరు. బిడ్డ పుట్టిన పిమ్మట ఆ మావిని తమ నేలయందే పాతిపెట్టుట వారి ఆచారము. మనుష్యుడు పుట్టకముందు తల్లియొద్దను, పుట్టిన తరువాత నేలయొద్దను పోషణ పొందునని వారి భావము. నేల మనుష్యునిది కాదు. మనుష్యుడే నేలకు చెందినవాడు.

వారి సంఘము తెగలుగను, తెగలు 'హపూ' లనబడు వంశశాఖలుగను, శాఖలు కుటుంబములుగను ఏర్పడియుండెను. భూమి ఒక వ్యక్తిది కాక, వంశశాఖ యంతటిది. ఒక కుటుంబమునకు ఒకచోట చిలగడదుంపల తోట సాగుచేసికొను హక్కు ఉండును. మరియొక కుటుంబమునకు అచటి యేటిలో మలుగుచేపలను పట్టు హక్కు ఉండును. ఇంకొక కుటుంబము ప్రక్కనున్న అడవిలో పక్షులను పట్టుకొనును. ఇట్లు ఒకే నేలపై పలువురి హక్కులు పెనవేసికొని యుండెడివి. ఈ హక్కులకు దస్తావేజులు లేవు. వంశావళిని తప్పులేక చెప్పగలుగుట, పూర్వుల సమాధులను చూపగలుగుట, ఆ నేలపై పొయ్యి ఆరకుండ కాపురముండుట అనునవే వారికి ప్రమాణములు. మన ఉమ్మడి కుటుంబములలో తాతలనాటి పొలమును ఏ యొక్కడును తనంతట తాను అమ్మలేనట్లే, మావోరి తెగలోను ఒక్కని మాటపై భూమి పరుల పరమగుటకు వీలులేదు.

1769లో కెప్టెన్ కుక్ అను ఆంగ్లనావికుడు ఈ ద్వీపములను చేరెను. పిమ్మట తిమింగలముల వేటకాండ్రును, వర్తకులును, క్రైస్తవ మతబోధకులును వచ్చిరి. వారి వెనుక భూములు కొనగోరు వలసవారు రాసాగిరి. అంతట బ్రిటిషు ప్రభుత్వము హాబ్సను అను నౌకాదళపు అధికారిని పంపి, మావోరి నాయకులతో ఒక ఒడంబడిక చేసికొనుమని ఆజ్ఞాపించెను. 1840 ఫిబ్రవరి 6వ తేదీన వైతాంగి అను చోట ఆ ఒడంబడికపై సంతకములు జరిగెను. తరువాతి నెలలలో దాని ప్రతులను దేశమంతట త్రిప్పగా, మొత్తముమీద 500 మందికి పైగా నాయకులు సమ్మతి తెలిపిరి.

ఈ ఒడంబడికకు రెండు రూపములు కలవు. హాబ్సను సిద్ధపరచిన ఆంగ్లప్రతిని హెన్రీ విలియమ్సు అను మతబోధకుడును, అతని కుమారుడును ఒక్క రాత్రిలో మావోరిభాషలోనికి మార్చిరి. నాయకులలో దాదాపు అందరును మావోరి ప్రతిపైననే సంతకము చేసిరి. ఆంగ్లప్రతిపై చేసినవారు 39 మంది మాత్రమే. ఆంగ్లప్రతి మొదటి షరతులో, నాయకులు తమ సార్వభౌమాధికారమును సంపూర్ణముగా రాణికి సమర్పించిరని యున్నది. మావోరి ప్రతిలో ఆ స్థానమున 'కావనతంగ' అను మాట వాడబడెను. అది 'గవర్నరు' అను ఆంగ్లపదమునుండి పుట్టిన క్రొత్తమాట. పాలనాధికారము అని మాత్రమే దాని భావము. రెండవ షరతు ప్రకారము మావోరీలకు తమ భూములపైనను, గ్రామములపైనను, తాము విలువైనవిగా నెంచు సమస్త వస్తువులపైనను పెద్దరికము నిలిచియుండును. అందుచేత నాయకులు తాము పాలనలో కొంత భాగము ఇచ్చి, నేలను నిలుపుకొంటిమని తలంచిరి. ప్రభుత్వమో, సర్వాధికారమును తనకు వచ్చెనని తలంచెను. తరువాతి కాలపు తగవులకు ఈ రెండు మాటల నడుమనున్న దూరమే బీజమయ్యెను.

రెండవ షరతులోనే మరియొక విషయము కలదు. మావోరీలు భూమిని అమ్మదలచినచో ముందుగా ప్రభుత్వమునకే అమ్మవలెను. మోసగాండ్రగు వర్తకులనుండి వారిని కాపాడుటకే ఈ కట్టుబాటు అని అధికారులు చెప్పిరి. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని కొనువాడొక్కడే యైన సంతలో వాడు చెప్పినదే ధర. ప్రభుత్వము మావోరీలయొద్ద తక్కువ వెలకు కొని, వలసవారికి ఎక్కువ వెలకు అమ్మి, ఆ లాభముతో వలసరాజ్యమును నడుపసాగెను. కాపాడవలసినవాడే బేరగాడయ్యెను.

ఈ పద్ధతికి దక్షిణద్వీపము ముఖ్యమైన ఉదాహరణము. అచటి ప్రధానమైన తెగ పేరు న్గాయి తహు. 1848లో, గ్రే అను గవర్నరు కాలమున, కెంపు అను ఉద్యోగి ఆ తెగ నాయకులతో ఒక క్రయపత్రము వ్రాయించెను. తూర్పుతీరమునుండి పడమటితీరము వరకు కోటి ముప్పది లక్షలకు మించిన ఎకరములు 2000 పౌనులకు ప్రభుత్వపరమయ్యెను. లెక్క వేసినచో ఒక్క పెన్నీకి 25 ఎకరములకు మించి వచ్చినట్లు తేలును. గ్రామములును, ఆహారము సేకరించుకొను స్థలములును తెగకే యుండునని ఆ పత్రములో వ్రాయబడెను. ఆహారస్థలములనగా చేపల మడుగులు, పక్షులుండు అడవులు, దుంపలు త్రవ్వుకొను చోట్లు అన్నియునని మావోరీల భావము. అధికారులు మాత్రము సాగులోనున్న తోటలనే లెక్కించి, ఆరు వేల ఎకరములకు కొంచెము పైగా కేటాయించి ఊరకుండిరి. 1849లోనే తెగవారు ఫిర్యాదు చేసిరి. ఆ ఫిర్యాదు తాతలనుండి తండ్రులకును, తండ్రులనుండి బిడ్డలకును సంక్రమించి, నూటయేబది సంవత్సరములు నడిచెను.

అంతలో వలసవారి సంఖ్య పెరిగి, 1858 నాటికి మావోరీలను మించెను. 1852లో బ్రిటిషు పార్లమెంటు న్యూజీలాండునకు శాసనసభను ప్రసాదించెను. ఆ సభకు ఓటు వేయుటకు మనుష్యుని పేర కొంత ఆస్తి యుండవలెను. మావోరీల నేల ఉమ్మడిది గనుక వారిలో పెక్కుమందికి ఓటు లభింపలేదు. ఎవరి భూమినిగూర్చి శాసనములు పుట్టుచుండెనో, వారికి ఆ శాసనసభలో నోరు లేకపోయెను. 1867లో మావోరీలకు నాలుగు స్థానములు కేటాయింపబడునప్పటికి ముఖ్యమైన చట్టములు పుట్టియే యుండెను.

అమ్మకములను ఆపుటకును, తెగలనన్నిటిని ఏకము చేయుటకును ఉత్తరద్వీపపు మావోరీలు 1858లో పొతతౌ అను వృద్ధనాయకుని తమ రాజుగా నెన్నుకొనిరి. ఈ రాజోద్యమము ప్రభుత్వమునకు కంటగింపయ్యెను. మరుసటి సంవత్సరమున తరనాకి ప్రాంతమున, వైతారా అను నదీముఖమునొద్ద, తెయిరా అను నొకడు కొంత భూమిని అమ్మెదనని గవర్నరుతో చెప్పెను. ఆ తెగ పెద్దయగు విరేము కింగి, అది అందరి భూమియనియు, ఒక్కడు అమ్మరాదనియు అడ్డుపడెను. గవర్నరు పెద్దమాటను త్రోసిపుచ్చి సర్వేకు మనుష్యులను పంపెను. తెగవారు సర్వేను ఆపిరి. 1860 మార్చిలో యుద్ధము మొదలయ్యెను. మూడేండ్ల తరువాత ప్రభుత్వమే ఆ కొనుగోలును విడిచిపెట్టినది. కాని అప్పటికే కార్చిచ్చు అంటుకొనెను.

1863లో బ్రిటిషు సేనలు రాజోద్యమమునకు నిలయమైన వైకాటో ప్రాంతముపై దండెత్తెను. అదే సంవత్సరమున శాసనసభ ఒక చట్టము చేసి, తిరుగుబాటుదారుల భూములను స్వాధీనపరచుకొను అధికారమును ప్రభుత్వమునకిచ్చెను. దాని ప్రకారము వైకాటోలో సుమారు 12 లక్షల ఎకరములును, తరనాకిలో సుమారు 12 లక్షల ఎకరములును, ఇతర ప్రాంతములలో మరికొంతయు జప్తు చేయబడెను. యుద్ధము చేసినవారి భూములే కాదు, చేయనివారి భూములును ఆ సరిహద్దులలో చిక్కుకొనెను. వైతారా నేలయు ఈసారి జప్తులో పోయెను.

జప్తు కంటికి కనబడు బలాత్కారము. దానికంటె మెల్లగను, విరివిగను పనిచేసినది మావోరి భూములకై ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానము. 1862, 1865 సంవత్సరముల చట్టములచే ఇది నెలకొనెను. ఉమ్మడి హక్కును విచారించి, దానిని వ్యక్తుల పేర పట్టాలుగా మార్చుట దీని పని. అట్టి పట్టా పొందినవారు ప్రభుత్వమునకే కాక ఏ వలసవానికైనను భూమిని అమ్మవచ్చును. పట్టా కలిగినచో మావోరీలు ఆంగ్లేయులవలె స్వతంత్ర రైతులై బాగుపడుదురని చట్టకర్తలు చెప్పిరి. ఉమ్మడి కట్టు తెగినచో నేల సులభముగా అమ్మకమునకు వచ్చుననియు వారెరుగుదురు.

ఆ కోర్టు నడిచిన విధము చూడుడు. తెగలో ఒక్కడు దరఖాస్తు పెట్టినచో చాలును, ఆ భూమిపై హక్కుగలవారందరును కోర్టునకు రావలసినదే. రానివాని హక్కు పోవును. కోర్టు పెక్కుసార్లు వారి గ్రామములకు దూరముగా, వలసవారి పట్టణములలో కూర్చుండెను. విచారణ వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు సాగెను. ముసలివారు, స్త్రీలు, పిల్లలతో తెగ అంతయు తోటపనులు మానుకొని పట్టణమున విడిది చేయవలసివచ్చెను. తిండికి అంగడిలో అప్పు, న్యాయవాదికి ఫీజు, కోర్టుకు రుసుము, అన్నిటికి మించి సర్వే ఖర్చు. సర్వే లేనిదే పట్టా లేదు. సర్వే బాకీ తీర్చుటకు ఆ భూమిలోనే ఒక భాగమును అమ్మవలసివచ్చెను. గెలిచినవాడును కొంత నేలను పోగొట్టుకొనియే ఇల్లు చేరెను.

1865 చట్టములో మరియొక చిక్కు కలదు. ఒక భూఖండమునకు పట్టాదారులుగా పదిమందికి మించి వ్రాయరాదను నియమము ఏర్పడెను. తెగలో నూర్లకొలది మంది యున్నను, పది పేర్లే కాగితముపైకి ఎక్కెను. ఆ పదుగురును తమ తరపున ధర్మకర్తలని తెగవారు నమ్మిరి. చట్టము మాత్రము వారినే సంపూర్ణస్వాములుగా నెంచెను. వారు అమ్మినను, తాకట్టు పెట్టినను మిగిలినవారికి అడుగు హక్కు లేదు. హాక్సు బే ప్రాంతమున హెరెటౌంగా అను సారవంతమైన మైదానము ఇట్లు పదిమంది పేర పట్టా కాగా, అంగడివారును వలసవారును వారికి ఒక్కొక్కరికే అప్పులిచ్చి ఒత్తిడి చేసిరి. 1870లో ఆ మైదానము చేయి మారెను.

ఈ అన్యాయమును దిద్దుటకని 1873లో చట్టమును మార్చి, హక్కుదారులందరి పేర్లను వ్రాయింపసాగిరి. కాని ఈ మందు రోగమును మరియొక త్రోవకు త్రిప్పెను. ఉమ్మడి హక్కు ఇప్పుడు విడివిడి వాటాలయ్యెను. తెగను ఒప్పింపనక్కరలేకుండ, కొనువారు అవసరములో నున్న ఒక్కొక్కనియొద్ద వాటాను కొనసాగిరి. అమ్మనివారి వాటాలు సంతానమునకు సమముగా పంచబడి, తరతరమునకు సన్నగిలెను. కొన్ని తరములకు ఒక్క చిన్న పొలమునకు వందలమంది వాటాదారులైరి. అందరును ఏకమై సేద్యము చేయలేరు. అట్టి పట్టాపై అప్పిచ్చు బ్యాంకియు లేదు. నేలయుండియు వారు నేలలేనివారితో సమానమైరి. మావోరీలు ఈ న్యాయస్థానమునకు 'నేలను కాజేయు కోర్టు' అని పేరు పెట్టిరి.

చేతిలో మిగిలిన భూములపైనను వారికి పెత్తనము నిలువలేదు. తరనాకిలో జప్తు అనంతరము మావోరీలకై కేటాయింపబడిన భూములను ప్రభుత్వ ధర్మకర్త యగు ఒక అధికారి వశము చేసిరి. 1892 చట్టము వలన ఆ భూములు వలసరైతులకు శాశ్వతపు కౌలుగా పోయెను. ఇరువదియొక్క యేండ్లకొకసారి మాత్రమే కౌలు సొమ్ము సవరింపబడును. యజమానులు మావోరీలే; కాని తమ నేలపై తాము అడుగుపెట్టి దున్నుటకు వారికి వీలులేదు.

మావోరీలు దీనినంతయు చూచుచు ఊరకుండలేదు. తరనాకిలోని పరిహాకా అను గ్రామమున తె ఫితి, తోహు అను ఇద్దరు పెద్దలు ఆయుధము పట్టని పోరాటమును బోధించిరి. 1879లో వారి అనుచరులు, వలసవారు ఆక్రమించిన పొలములలోనికి నాగళ్లతో పోయి దున్నిరి. బంధించిన కొలదియు క్రొత్తవారు వచ్చి నాగలి పట్టిరి. వందలమంది విచారణ లేకయే దూరపు చెరసాలలలో ఉంచబడిరి. 1881 నవంబరు 5వ తేదీన సుమారు 1600 మంది సాయుధులు పరిహాకాను ముట్టడించిరి. గ్రామద్వారమున వారికి ఎదురైనవారు పాటలు పాడుచున్న పిల్లలు. పెద్దలు కదలక మెదలక నేలపై కూర్చుండియుండిరి; అతిథులకువలె రొట్టెలు సిద్ధముగా నుండెను. అయినను నాయకులిద్దరిని చెరపట్టి, గ్రామమును కూల్చివేసిరి. 1884లో మావోరి రాజగు తాఫియావో లండనునకు పోయి రాణితో మొరపెట్టుకొనదలచెను. అతనికి దర్శనము లభింపలేదు. ఈ విషయము న్యూజీలాండు ప్రభుత్వమే చూచుకొనవలెనని మంత్రి చెప్పి పంపెను.

వైతాంగి ఒడంబడిక మాట ఏమయ్యెను? 1877లో ప్రధాన న్యాయమూర్తి ప్రెండర్గాస్టు అది చట్టదృష్టిలో శూన్యమని తీర్పు చెప్పెను. ఒడంబడిక పత్రములును నేలమాళిగలో ఆదరణ లేక పడియుండెను. 1908లో వానిని వెదకి తీయునప్పటికి కొంతభాగము నీటికి తడిసి, ఎలుకలచే కొరుకబడి యుండెను.

ఇరువదవ శతాబ్దమున మావోరీలలో విద్యావంతులు బయలుదేరి, చట్టమును చట్టముతోనే ఎదిరింపసాగిరి. వారిలో ఆపిరానా న్గాటా ముఖ్యుడు. న్యాయశాస్త్రము చదివిన ఈయన 1928 మొదలు 1934 వరకు మావోరి వ్యవహారముల మంత్రిగా నుండి, ముక్కలైన వాటాలను కూర్చి, ప్రభుత్వధనముతో ఆ భూములను సాగులోనికి తెచ్చు పథకములను నడపెను. అయినను నేల పోవుట ఆగలేదు. 1953 చట్టము 25 పౌనులకు తక్కువ విలువగల వాటాలను ప్రభుత్వ ధర్మకర్త బలవంతముగా తీసికొనవచ్చుననెను. 1967 చట్టము, నలుగురు లేక అంతకు తక్కువమంది యజమానులుగల భూములను మావోరి భూమి వర్గమునుండి తొలగించెను. అవి ఇక సామాన్యపు భూములవలె తేలికగా అమ్ముడు పోవచ్చును.

ఈ చట్టమే ప్రజలను మేల్కొల్పెను. 1975 సెప్టెంబరులో ఫీనా కూపరు అను 79 సంవత్సరముల వృద్ధురాలు మనుమరాలి చేయి పట్టుకొని ఉత్తరపుకొననుండి నడక సాగించెను. మావోరి భూమి ఇక ఒక్క ఎకరమైనను పోరాదని ఆ యాత్రికుల నినాదము. సుమారు 1000 కిలోమీటర్లు నడిచి అక్టోబరు 13వ తేదీన రాజధాని వెల్లింగ్టను చేరునప్పటికి ఆమె వెంట వేలమంది యుండిరి. ఆ యేడే వైతాంగి న్యాయమండలి ఏర్పడెను. మొదట అది క్రొత్త ఫిర్యాదులను మాత్రమే వినుచుండెను. 1985లో, 1840 నాటివరకు వెనుకకు పోయి విచారించు అధికారము దానికి లభించెను. ఒకప్పుడు నేలను పోగొట్టిన కోర్టు పుస్తకములే ఇప్పుడు సాక్ష్యములయ్యెను. నాడు పెద్దలు చెప్పిన వంశావళులు, ఏరుల పేర్లు, సమాధుల గుర్తులు అన్నియు ఆ పుటలలో భద్రముగా నుండెను.

విచారణల ఫలితముగా 1995లో వైకాటో తెగకును, 1998లో న్గాయి తహు తెగకును ఒక్కొక్కదానికి 17 కోట్ల న్యూజీలాండు డాలర్ల విలువగల భూమియు ధనమును పరిహారముగా లభించెను. వైకాటో ఒప్పందపు చట్టమున ప్రభుత్వపు క్షమాపణ చేర్చబడగా, ఎలిజబెత్తు రాణి స్వయముగా దానిపై సంతకము చేసెను. 2017లో పరిహాకా ప్రజలకును ప్రభుత్వము క్షమాపణ చెప్పెను. పోయిన నేల విలువలో ఈ పరిహారము కొద్దిభాగమే. అయినను జరిగినది అన్యాయమని వ్రాతమూలకముగా నంగీకరించుట చిన్న విషయము కాదు. 1993 చట్టము మావోరి భూమిని పూర్వులనుండి వచ్చిన నిధిగా నెంచి, అది వారి చేతులనుండి పోకుండ కాపాడుటను కోర్టుకు ధర్మముగా విధించెను. నేలను అమ్మకమునకు తెచ్చిన న్యాయస్థానమే నేడు నేలకు కావలి.

ఈనాడు మావోరి భూమిగా మిగిలినది సుమారు 35 లక్షల ఎకరములు, అనగా దేశమున ఇంచుమించు ఇరువదవ వంతు. ఆ నేలను పోగొట్టిన చట్టములలో పెక్కింటి పీఠికలు మేలుచేయు మాటలతోనే మొదలగును. రక్షణ అనియు, పట్టా అనియు, అభివృద్ధి అనియు వానికి పేర్లు. ఆ మాటలను వ్రాసినది ఎవరు, ఏ భాషలో వ్రాసిరి, ఎవరిని అడిగి వ్రాసిరి అను ప్రశ్నలకు జవాబు చూచినప్పుడే వాని నిజస్వరూపము తెలియును. మావోరీలు ఆ ప్రశ్నలను నూటముప్పది యేండ్లు విడువక అడిగిరి. మనుష్యులు గతింతురు, నేల నిలుచును అని వారిలో ఒక సామెత కలదు. నేలతోపాటు ఆ ప్రశ్నలను నిలుపుకొనుట చేతనే వారి పొయ్యి నేటికిని ఆరలేదు.